ఎంఐఎస్ అనే చదువు దేని గురించి? పాల కేంద్రం స్లిప్పు పట్టుకుని చూద్దాం

ఎంఐఎస్ అంటే మేనేజిమెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. హైదరాబాద్ ఉద్యోగ ప్రకటనల్లో "ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్" అంటే ఏం పనో అందరికీ తెలుసు. పొద్దున్నే నాలుగు చోట్ల నుంచి డేటా దించుకోవాలి, ఎక్సెల్‌లో వీ-లుకప్ కొట్టాలి, పివట్ వెయ్యాలి, పదకొండింటికల్లా మేనేజరుకి మెయిల్ పెట్టాలి. అదే మాట మండలాఫీసు దగ్గర వింటే అర్థం వేరు. "మీది ఎంఐఎస్‌లో ఎక్కలేదమ్మా" అన్నారంటే కంప్యూటర్‌లో ఎంట్రీ పడలేదని, డబ్బులు ఇప్పట్లో రావని. ఎంబీఏ పిల్లలకి అది పిరమిడ్ బొమ్మ గీసి పాసయ్యే పేపరు. అమెరికాలో ఎమ్మెస్‌కి కాలేజీలు వెతుక్కునే బీటెక్ కుర్రాళ్లకి కోడింగ్ కాస్త తక్కువ ఉండే కోర్సు.

నాలుగూ ఆ పేరుతో తిరుగుతున్నవే, దేన్నీ తప్పనను. కానీ వీటి వెనక యాభై ఏళ్లు దాటిన ఒక చదువు ఉంది. దానికి జర్నల్స్ ఉన్నాయి, పీహెచ్‌డీలు ఉన్నాయి, తీరని తగాదాలున్నాయి. ఆ చదువు దేని గురించో తెలుగులో ఎవరైనా అడిగితే "కంప్యూటర్లూ మేనేజిమెంటూ కలిపి" అనే జవాబే వస్తుంది. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. రెండు సబ్జెక్టులు పక్కపక్కన పెట్టినంత మాత్రాన మూడోది పుట్టదు. మూడోదానికి తనదైన ప్రశ్న ఒకటి ఉండాలి.

ఎంఐఎస్ ప్రశ్న ఇది. పని జరిగే చోట పుట్టిన అంకె, నిర్ణయం తీసుకునే మనిషి దాకా ఎలా వెళ్తుంది? దారిలో దానికి ఏమవుతుంది? చేరాక ఆ నిర్ణయం మారిందా, లేదా? ఆ దారిలో రాసే మనిషి, నొక్కే మీట, చింపే రసీదు, అంకె తప్పయితే నష్టపోయేవాడు అందరూ ఉంటారు. వాళ్లని విడదీయకుండా ఒక్కటిగా చదవడమే ఈ శాస్త్రం.

ఊళ్లో పాల కేంద్రం తీసుకుందాం. తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిన చోటు.

పొద్దున ఆరింటికి రైతు గేదె పాలు తెస్తాడు. సెక్రటరీ పాలు కొలుస్తాడు, చిన్న కప్పుతో శాంపిల్ తీసి అనలైజర్‌లో పెడతాడు. ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) తెర మీద పడతాయి. రైతు కోడ్ నంబరు కొడితే స్లిప్పు వస్తుంది. లెక్క పైకి తేలికే: పాల బరువును ఫ్యాట్ శాతంతో గుణిస్తే ఫ్యాట్ కిలోలు, దాన్ని కిలో ఫ్యాట్ ధరతో గుణిస్తే రైతుకి రావాల్సిన డబ్బు. ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గితే కోత వేసే పద్ధతులూ ఉంటాయి, వాటిని ఇక్కడ పక్కన పెడదాం.

ఇక అంకెలు వేద్దాం. పాలు 5.2 లీటర్లు, ఫ్యాట్ 6.5 శాతం, కిలో ఫ్యాట్ ధర 800 రూపాయలు అనుకోండి. లీటరు పాలు దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. అంటే 5.2 లీటర్లు 5.356 కిలోలు. అందులో ఫ్యాట్ 0.348 కిలోలు, డబ్బు 278 రూపాయల 51 పైసలు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సెట్టింగులో లీటర్లనే కిలోలుగా తీసుకున్నారనుకోండి. ఫ్యాట్ 0.338 కిలోలే అవుతుంది, డబ్బు 270 రూపాయల 40 పైసలకి దిగుతుంది. ఒక్క పూటకి 8 రూపాయల 11 పైసలు తేడా. రోజుకి రెండు పూటలు, పదిహేను రోజుల బిల్లుకి సుమారు 243 రూపాయలు. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. గుణకారం కరెక్టే, డేటాబేస్ కరెక్టే, ప్రింటర్ కరెక్టే. "పరిమాణం" అన్న గడిలో ఉన్నది లీటరా కిలోనా అని అడిగినవాళ్లు లేరు, అంతే.

ఈ తప్పు ఎవరి సబ్జెక్టు కిందికి వస్తుంది? కంప్యూటర్ సైన్స్ చదివినాయన ఇదే కేంద్రానికి వస్తే, కరెంటు పోయి నెట్ లేనప్పుడు స్లిప్పులు ఎక్కడ దాచాలి, నెట్ వచ్చాక రెండుసార్లు ఎక్కకుండా ఎలా పంపాలి అని చూస్తాడు. మంచి ప్రశ్న. ఆపరేషన్స్ రీసెర్చ్ ఆయన ట్యాంకర్ ఏ ఊరి మీదుగా తిరిగితే డీజిల్ కలిసొస్తుందో లెక్క కడతాడు. అకౌంటెంట్ ఈ పాలకి ఏ రోజున ఖర్చు రాయాలో చూస్తాడు. డేటా సైన్స్ ఆయన వచ్చే నెల ఫ్యాట్ ఎంత ఉండొచ్చో అంచనా కడతాడు. ఎంఐఎస్ మనిషి చూపు మాత్రం సెక్రటరీ మోకాలి పక్కన ఉన్న రూళ్ల నోటుబుక్కు మీద పడాలి. మెషీన్ ఉండగా ఈయన ఇంకా చేత్తో ఎందుకు రాస్తున్నాడు? అందులో ఉండి తెర మీద లేనిది ఏమిటి?

చాలాసార్లు కారణం చిన్నదే. 47 బదులు 74 కొడితే ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో పడతాయి. దిద్దాలంటే పైఆఫీసు పాస్‌వర్డ్ కావాలి. ఆయన పుస్తకంలో రాసుకుని, బిల్లు రోజున ఆ ఇద్దరినీ పిలిచి చేతి లెక్కతో సర్దుబాటు చేస్తాడు. కంప్యూటర్‌లో తప్పు తప్పుగానే ఉండిపోతుంది, డెయిరీ ఆఫీసులో ఆ తప్పు మీదే గ్రాఫులు గీస్తారు. దీనికి మందు ఖరీదైనది కాదు. కోడ్ కొట్టగానే రైతు వైపు తిప్పి ఉన్న డిస్‌ప్లే మీద పేరు పెద్దక్షరాల్లో కనిపించాలి, కోడ్ చివర, మిగతా అంకెలతో లెక్క కలిసిందో లేదో సరిచూసే అంకె ఒకటి ఉండాలి, ఆ పూట ముగిసేదాకా దిద్దే అధికారం సెక్రటరీకే ఇచ్చి, దిద్దిన జాడ మాత్రం చెరగకుండా పైకి వెళ్లాలి.

శాంపిల్ సంగతీ ఇలాంటిదే. పాలు కాసేపు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా పైపైన ముంచితే ఫ్యాట్ ఎక్కువ చూపిస్తుంది, అడుగు నుంచి తీస్తే తక్కువ. అల్ట్రాసోనిక్ అనలైజర్‌లో నురగ బుడగలు వెళ్లినా రీడింగ్ పాడవుతుంది, రోజూ కడగకపోయినా పాడవుతుంది. అంటే దశాంశ స్థానాలతో సహా తెర మీద మెరిసే 6.5 అనే అంకె, ఒక మనిషి చేతి పనితనం మీద ఆధారపడి ఉంది. ఆ పనితనాన్ని వదిలేసి అంకె ఒక్కదాన్నే చదివితే ఎంఐఎస్‌లో సగమే చదివినట్టు.

ఇప్పుడు ఈ చదువు ఎలా పుట్టిందో చూస్తే పాల కేంద్రం ఇంకా బాగా అర్థమవుతుంది.

వ్యాపారపు రోజువారీ పనిని కంప్యూటర్‌కి అప్పగించిన తొలి సంస్థ, ఇంగ్లండ్‌లో టీ దుకాణాలు నడిపిన లయన్స్ కంపెనీ. లియో అని సొంతంగా ఒక యంత్రం కట్టించుకుని 1951 నవంబర్‌లో బేకరీ సరుకు విలువ లెక్కగట్టే పని దాని మీద నడిపారు. 1958లో లెవిట్, విస్లర్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు ఈ కొత్త వ్యవహారానికి "ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ" అని పేరు పెట్టారు. మనం రోజుకి పదిసార్లు అనే ఐటీ అనే మాట అక్కడిదే. 1965లో హార్వర్డ్‌కి చెందిన రాబర్ట్ ఆంథొనీ సంస్థలో నిర్ణయాలని మూడు అంతస్తులుగా విడగొట్టాడు: దూరదృష్టి ప్రణాళిక, మేనేజిమెంట్ అదుపు, రోజువారీ పని అదుపు. మన ఎంబీఏ పుస్తకాల్లో పిరమిడ్‌కి మూలం ఇదే.

పిరమిడ్‌ని పాల మీద పెట్టండి. ఈ పూట ఈ రైతుకి ఎంత రాయాలి అన్నది కింది అంతస్తు. ఫలానా కేంద్రంలో ఫ్యాట్ తరుగు ఎందుకొస్తోంది అన్నది మధ్య అంతస్తు. పాలు చల్లబరిచే కొత్త బల్క్ కూలర్ ఏ ఊళ్లో పెట్టాలి అన్నది పై అంతస్తు. వీటికి కావాల్సిన సమాచారం గుణంలోనే వేరు. కింద, ఈ క్షణం, ఈ మనిషి, పైసలతో సహా కావాలి. పైన, రెండేళ్ల ధోరణి కావాలి, అందులో పైసల లెక్క అక్కర్లేదు, పైగా చాలా భాగం కంపెనీ బయట నుంచి రావాలి: ఆ ఊళ్లో గేదెలెన్ని, పక్క డెయిరీ ఎంత ఇస్తోంది, పశుగ్రాసానికి నీళ్లున్నాయా. కింది అంతస్తు స్లిప్పులన్నీ కూడేసి పై అంతస్తుకి రిపోర్టు అని పంపితే పనికిరాకపోవడానికి కారణం ఇదే.

1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మూడంతస్తులకి ఇంకో కొలత అడ్డంగా జోడించారు. హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ ఆచార్యుడు అంతకు ముందే నిర్ణయాల్ని రెండు రకాలుగా చూపించాడు: ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం జరిగిపోయేవి, ప్రతిసారీ ఆలోచించాల్సినవి. దాన్ని ఆధారం చేసుకుని వీళ్లు పూర్తిగా నియమాలకు లొంగేవి, సగం లొంగేవి, లొంగనివి అని గళ్లు గీశారు. రైతు బిల్లు నియమానికి లొంగుతుంది, దాన్ని యంత్రానికి వదిలెయ్యొచ్చు. తరుగు వచ్చిన కేంద్రం మీద అనుమానపడాలా వద్దా అన్నది సగమే లొంగుతుంది. అంకె అనుమానం పుట్టించగలదు, వెళ్లి చూడాల్సింది మనిషే. "డెసిషన్ సపోర్ట్" అనే మాట ఇక్కడి నుంచి వచ్చింది. నిర్ణయం మనిషిదే, కంప్యూటర్ చేసేది సాయమే.

ఈ తరుగు రిపోర్టు దగ్గర కాసేపు ఆగుదాం. ఎంఐఎస్ అనే పదానికి నిజమైన పరీక్ష అక్కడే జరుగుతుంది.

కేంద్రంలో ఆ పూట 400 లీటర్లు వచ్చాయి, స్లిప్పుల ప్రకారం ఫ్యాట్ 26.8 కిలోలు అనుకోండి. అవే పాలు చిల్లింగ్ సెంటర్‌కి చేరాక కొలిస్తే 26.1 కిలోలు తేలింది. 0.7 కిలోల తరుగు, అంటే 2.6 శాతం. కారణం అనలైజర్ కావచ్చు, శాంపిల్ కావచ్చు, దారిలో పాలు తీసి నీళ్లు కలపడం కావచ్చు, తెలిసినవాళ్లకి ఫ్యాట్ ఎక్కువ రాయడం కావచ్చు. చాలా చోట్ల ఈ లెక్క నెలాఖరున, కేంద్రానికి ఒక్క వరుస చొప్పున, సగటు కట్టి పంపిస్తారు. అందులో రెండు నష్టాలున్నాయి. మొదటిది, పొద్దుటి పూట 0.6 కిలోల తరుగు, సాయంత్రం 0.6 కిలోల పెరుగుదల ఉంటే నెల సగటు సున్నా అవుతుంది, రిపోర్టులో ఆ కేంద్రం అందరికన్నా నిక్కచ్చిగా కనిపిస్తుంది. రెండోది, నెల తర్వాత ఎవరు వెళ్లి ఏం చూస్తారు? ఆ పూట పాలు పెరుగైపోయాయి.

అదే రిపోర్టుని మర్నాడు పొద్దున పదింటికి సూపర్‌వైజర్ ఫోన్‌కి పంపండి. అన్ని కేంద్రాలూ వద్దు. హద్దు దాటినవి మాత్రమే, పూటవారీగా, పెరుగుదలా తరుగూ విడివిడిగా. సాయంత్రం పాలు పోసే వేళకి ఆయన అక్కడ నిలబడి మెషీన్ పరీక్షించగలడు. డేటా అదే, సర్వర్ అదే, మారింది ఎవరికి, ఎప్పుడు, ఏ ముక్క అన్నదే. ఎంఐఎస్ వాళ్లు చేసే పని ఇంత సాదాగా కనిపిస్తుంది, అందుకే దాన్ని చదువుగా గుర్తించడానికి జనం తటపటాయిస్తారు.

ఈ తటపటాయింపు మొదటి రోజుల నుంచీ ఉంది. రస్సెల్ ఏకాఫ్ అనే అమెరికన్ ఆచార్యుడు 1967లో ఒక వ్యాసం రాశాడు. మేనేజర్లకి సమాచారం చాలట్లేదని అందరూ అనుకుంటున్నారు, వాళ్ల అసలు బాధ పనికిరాని సమాచారం పోగుపడటం అన్నాడు. ఏం కావాలని మేనేజర్‌ని అడిగితే, తన నిర్ణయం ఎలా పనిచేస్తుందో స్పష్టంగా తెలియనివాడు అన్నీ కావాలంటాడు. తెలిసినవాడికి కొంచెం చాలు. అడిగింది ఇచ్చినంత మాత్రాన నిర్ణయం బాగుపడదు. శాఖల మధ్య సమాచారం ఎక్కువ పారితే పని బాగుంటుందన్నదీ నమ్మకమే. వ్యవస్థ ఎలా పనిచేస్తుందో మేనేజర్‌కి తెలియక్కర్లేదన్నదీ అలాంటి నమ్మకమే. వాట్సాప్ గ్రూపుల్లో రోజుకి ఇరవై డాష్‌బోర్డులు వచ్చి పడే ఈ రోజుల్లో ఆ వ్యాసం నిన్న రాసినట్టుంటుంది. 1972లో హార్వర్డ్ ఆచార్యుడు జాన్ డియర్డెన్ ఇంకా ముందుకెళ్లి, సంస్థ మొత్తానికీ ఒకే ఎంఐఎస్ అన్న ఆలోచనే ఎండమావి అన్నాడు. ఆర్థిక సమాచారం, ఉద్యోగుల సమాచారం, సరుకు రవాణా సమాచారం దేని నైపుణ్యం దానిది, అన్నీ ఒక్కరి చేతిలో పెట్టలేం అన్నది ఆయన వాదన. ఒకే పెద్ద సాఫ్ట్‌వేర్ కొని అన్ని శాఖలనీ అందులోకి తోసేయబోయే ప్రతి సంస్థా ఈ వాదనకి జవాబు చెప్పాలి.

చదువుగా దీనికి ఇల్లు దొరికింది అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో. గార్డన్ డేవిస్, ఆయన సహచరులు 1968లో అక్కడ ఎంఐఎస్‌లో పీహెచ్‌డీ ప్రారంభించారు. అది ఈ రంగంలో మొదటిది. 1974లో డేవిస్ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ నాకు అన్నిటికన్నా పటిష్ఠంగా అనిపిస్తుంది. దాని సారం: సంస్థలో రోజువారీ పనికీ, నిర్వహణకీ, నిర్ణయాలకీ సమాచారం అందించే, మనిషీ యంత్రమూ ఏకమైన వ్యవస్థ. అందులో హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, విశ్లేషణకి వాడే నమూనాలు, డేటాబేస్, వీటితో పాటు చేతితో చేసే పనుల విధివిధానాలు కూడా ఉంటాయి. ఆ చివరి ముక్కని చాలా నోట్సుల్లో వదిలేస్తారు. సెక్రటరీ నోటుబుక్కుకి ఈ చదువులో చోటిచ్చింది ఆ ముక్కే. కాబట్టి పరీక్షలో రాసేవాళ్లు దాన్ని వదలకండి.

తర్వాత మిన్నెసోటా నుంచే 1977లో ఎంఐఎస్ క్వార్టర్లీ అనే జర్నల్ మొదలైంది. 1980లో ఫిలడెల్ఫియాలో మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అక్కడ పీటర్ కీన్ అనే పరిశోధకుడు అడిగిన ప్రశ్న ఈ రంగాన్ని వదల్లేదు: మన మూల శాస్త్రాలు ఏవి, మనం దేన్ని కొలుస్తున్నాం, ఒకరి పని మీద ఇంకొకరు ఎలా కట్టుకుంటూ పోతాం? 1994లో ఈ రంగంవాళ్ల సంఘం, అసోసియేషన్ ఫర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఏర్పడింది. పేర్లు మాత్రం స్థిరపడలేదు. కొందరు ముందున్న మేనేజిమెంట్ తీసేసి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు, జర్మనీవాళ్లు విర్ట్‌షాఫ్ట్స్‌ఇన్ఫర్మాటిక్ అంటారు. అక్కడ వ్యవస్థల్ని కట్టి చూపించడానికి ప్రాధాన్యం ఎక్కువ. నార్వేలో 1970ల మొదట్లో క్రిస్టెన్ నిగార్డ్, సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్తల్లో ఒకడు, ఇనుము-లోహ కార్మికుల సంఘంతో కూర్చుని, ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ వ్యవస్థల మీద కార్మికులకి మాట ఎలా ఉండాలో పరిశోధించాడు. మన దేశంలో ఐఐఎం కలకత్తాలో ఎంఐఎస్ పేరుతోనే ఒక విభాగం ఉంది.

రంగంలో పాఠ్యం అయిపోయిన సిద్ధాంతాలు రెండు చెప్పి, వాటిని మన విద్యార్థులు ఎక్కడ పాడు చేస్తున్నారో చెబుతాను. 1989లో ఫ్రెడ్ డేవిస్ (గార్డన్ డేవిస్ వేరు) టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ ఇచ్చాడు. ఉపయోగం ఉంటుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం, ఈ రెండింటిని బట్టి మనిషి ఒక సాఫ్ట్‌వేర్‌ని వాడతాడు. 1992లో డిలోన్, మెక్లీన్ ఒక వ్యవస్థ ఫలించిందో లేదో చూడటానికి ఆరు వైపులు చూపారు: వ్యవస్థ నాణ్యత, సమాచార నాణ్యత, వాడకం, వాడేవాళ్ల సంతృప్తి, వ్యక్తి మీద ప్రభావం, సంస్థ మీద ప్రభావం. 2003లో సేవ నాణ్యతని చేర్చి, చివరి రెండు ప్రభావాల్నీ నికర ప్రయోజనాలు అని ఒకటి చేశారు.

ఇక ఎంబీఏ ప్రాజెక్టు. క్లాసులో వందమందికి గూగుల్ ఫారం పంపి, ఐదు మెట్ల స్కేలు మీద "ఈ యాప్ వాడటం తేలిక" అనే వాక్యాలకి టిక్కులు పెట్టించి, కోరిలేషన్ తీసి, సంబంధం ఉందని తేల్చేస్తారు. ఇందులో పెద్ద లోపం వాడకం విషయంలో ఉంది. వాడితే వాడు, లేకపోతే లేదు అనే స్వేచ్ఛ ఉన్నచోటే "ఎంత వాడారు" అన్నది మనసుని చూపిస్తుంది. పాల కేంద్రం సెక్రటరీ మెషీన్ వాడకపోతే బిల్లే రాదు. ఆయన వాడకం నూటికి నూరు. దాన్నిబట్టి వ్యవస్థ ఫలించిందనడం తప్పు. అలాంటి చోట కొలవాల్సింది సమాచార నాణ్యత: ఎన్ని స్లిప్పులు తర్వాత దిద్దారు, స్లిప్పుకీ పుస్తకానికీ ఎన్ని పూటలు తేడా వచ్చింది, బిల్లు రోజున ఎన్ని గొడవలు కేంద్రం దగ్గరే తీరాయి. ముప్పై పూటల స్లిప్పులు, పుస్తకం పక్కపక్కన పెట్టి సరిచూస్తే వంద గూగుల్ ఫారాలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. నిర్వచనం అనేది ఎంత బరువైన విషయమో అది చూపిస్తుంది.

ఉపాధి హామీ చట్టం 2005 కింద పెట్టిన నియమం ఇది: మస్టరు (పని హాజరు పట్టీ) మూసిన పదిహేను రోజుల్లోపు కూలి అందాలి. దాటితే పదహారో రోజు నుంచి, బకాయి కూలి మీద రోజుకి 0.05 శాతం పరిహారం. కూలి 1500 రూపాయలైతే రోజుకి 75 పైసలు, పది రోజుల ఆలస్యానికి ఏడున్నర రూపాయలు. డబ్బు దారిలో రెండు దశలున్నాయి. మస్టరు, కొలతలు ఎక్కించి, రెండు సంతకాలు పడి, ఎఫ్‌టీవో అనే చెల్లింపు ఆదేశం తయారవడం మొదటిది. ఆ ఆదేశం మీద కేంద్ర ప్రభుత్వం నుంచి కూలీ ఖాతాలో డబ్బు పడటం రెండోది. ఎంఐఎస్‌లో ఆలస్యాన్ని లెక్కగట్టింది మొదటి దశ వరకే. ఎఫ్‌టీవో పన్నెండో రోజున తయారై, డబ్బు నలభయ్యో రోజున పడితే, తెర మీద ఆ చెల్లింపు సకాలంలో జరిగినట్టే. పరిహారం సున్నా. కూలీ బ్యాంకు చుట్టూ తిరిగిన ఇరవై ఎనిమిది రోజులు ఏ నివేదికలోనూ లేవు. ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, రెండో దశ ఆలస్యానికి కూడా పరిహారం లెక్కించాలని 2018 మేలో కోర్టు చెప్పింది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ బగ్ ఏదీ లేదు. "ఆలస్యం" అనే మాటకి మొదలు ఎక్కడ, చివర ఎక్కడ అన్న నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం ఒకసారి గడిలో కూర్చున్నాక లక్షల రిపోర్టుల్లో మళ్లీ ఎవరికీ కనపడదు. పాల డెయిరీలో కూడా "పాలు పోసే రైతులు" ఎంతమంది అంటే, నెలలో ఒక్కసారైనా పోసినవాళ్లని లెక్కేస్తే ఒక అంకె, ఇరవై రోజులు పోసినవాళ్లని లెక్కేస్తే దానిలో సగం ఉండొచ్చు. రెండూ నిజాలే. ఏ నిర్ణయానికి ఏది వాడాలో తేల్చకుండా రిపోర్టు కట్టకూడదు. నా లెక్కలో ఎంఐఎస్ అనే చదువు బాధ్యత అంతా ఇక్కడే ఉంది. మిగతా సబ్జెక్టులు గడిలో ఉన్న అంకెతో మొదలుపెడతాయి, ఇది గడి పేరు దగ్గర మొదలుపెట్టాలి.

2001లో ఆర్లికోవ్‌స్కీ, ఇయకోనో అనే ఇద్దరు పరిశోధకులు ఈ రంగం పరిశోధనల్ని తిరగేసి, చాలా వాటిలో టెక్నాలజీ పేరుకే ఉంది, అసలు ఆ వస్తువు లోపల ఏముందో ఎవరూ చూడటంలేదని రాశారు. 2003లో బెన్బసాట్, జ్మడ్ అయితే ఇది ఈ రంగానికి గుర్తింపు సంక్షోభం అన్నారు, ఐటీ వస్తువుకీ దాని దగ్గరి కారణాలకీ ఫలితాలకీ కట్టుబడి ఉండాలన్నారు. గీత గీస్తే రంగం ఎండిపోతుందని ఎదురు వాదించినవాళ్లూ ఉన్నారు. నేను గీత వైపే. కానీ ఐటీ వస్తువు చుట్టూ గీస్తే నోటుబుక్కు బయట పడిపోతుంది. నిర్ణయం చుట్టూ గీయాలి. ఒక పరిశోధనలో ఎవరి నిర్ణయమో, ఏ అంకె మీద నడుస్తుందో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే అది మంచి సోషియాలజీ కావచ్చు, మంచి ప్రోగ్రామింగ్ కావచ్చు, దాన్ని ఎంఐఎస్ అననక్కర్లేదు.

అమెరికా కోర్సుల గురించి అడిగేవాళ్లకి ఒక్క సూచన. డిగ్రీ పేరు చూసి నిర్ణయించుకోవద్దు. ఓపీటీ, అంటే చదువుకి సంబంధించిన పని అక్కడ చేసుకునే అనుమతి, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే ఇంకో 24 నెలలు. అది తేల్చేది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే, కోర్సు ఏ కోవదో చెప్పే ఆరంకెల సీఐపీ కోడ్. ఒకే పేరున్న ఎంఐఎస్ కోర్సుకి ఒక యూనివర్సిటీ ఒక కోడ్, ఇంకొకటి ఇంకో కోడ్ పెట్టుకోవచ్చు. అడ్మిషన్ ఆఫీసుని కోడ్ ఏమిటని మెయిల్‌లో అడిగి, ప్రభుత్వ స్టెమ్ జాబితాతో మీరే సరిచూసుకోండి. సిలబస్‌లో డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, అకౌంటింగ్ లేదా వ్యాపార ప్రక్రియల మీద ఒకటి, గణాంకాలు ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. అకౌంటింగ్‌ని మనవాళ్లు బోరని వదిలేస్తారు. డెబిట్, క్రెడిట్ రాకపోతే ఏ సంస్థలోనూ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో పట్టుకోలేరు.

ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్‌గా ఇప్పుడే పనిలో ఉన్నవాళ్లు ఈ చదువుకి కోర్సు లేకుండానే దగ్గరగా ఉన్నారు. మీరు రోజూ పంపే షీట్లలో ఒకటి తీసుకోండి. దాని మొదటి ట్యాబ్‌లో నాలుగు గడులు పెట్టండి: (1) ఇది ఎవరు, ఏ నిర్ణయానికి, ఏ టైముకల్లా చూస్తారు; (2) ప్రతి కాలమ్‌కి అర్థం, కొలమానం; (3) మూల అంకె ఎక్కించేది ఎవరు, తప్పు ఎక్కిస్తే వాళ్లకేమవుతుంది; (4) ఈ షీట్ వారం రోజులు రాకపోతే ఏం ఆగుతుంది. నాలుగో గడికి జవాబు దొరక్కపోతే మీ మేనేజర్‌ని అడగండి, ఆయన దగ్గరా లేకపోతే ఆ షీట్ ఆపే ప్రతిపాదన పెట్టండి. మూడో గడి నింపడానికి మాత్రం సీటు లేచి వెళ్లాలి. బ్రాంచి కౌంటర్ పక్కన, గోడౌన్‌లో కాంటా పక్కన, పాల కేంద్రం అరుగు మీద రెండు పూటలు కూర్చోండి. అక్కడ ఒక నోటుబుక్కు ఉంటుంది. దాని కాలమ్స్ మీ షీట్ కాలమ్స్ పక్కన రాసుకుని, మీ దగ్గర లేనిది ఏదో చూడండి.